ఏ ఆయిల్‌లో ఉంటది? కంప్రెషర్ లైను సీళ్ల పని డైరీ

మార్చి 3

మధ్యాహ్నం భోజనాల టైముకి మెషీన్లన్నీ ఆపేస్తాం. షెడ్డు నిశ్శబ్దంగా ఉండాలి. కానీ ఎనిమిది నిమిషాలకోసారి కంప్రెషర్ దానంతట అదే స్టార్ట్ అవుతుంది, నిమిషం పైన తిరిగి ఆగుతుంది. గాలి వాడే మనిషి ఒక్కడూ లేడు, అంటే ఎక్కడో గాలి లీకవుతోంది. ఇవాళ అన్నం ముందు కూర్చుని మూడుసార్లు లెక్కపెట్టాను. ఇక దీని సంగతి తేల్చాలి.

మాది చర్లపల్లిలో స్టీలు బీరువాలు, టేబుళ్లు చేసే చిన్న యూనిట్. మెయింటెనెన్స్ నాది. 10 హెచ్‌పీ టూ స్టేజ్ పిస్టన్ కంప్రెషర్, 500 లీటర్ల ట్యాంకు. దాని గాలి మీద స్పాట్ వెల్డింగ్ దగ్గర ఆరు సిలిండర్లు (గాలి ఒత్తిడితో రాడ్‌ని ముందుకీ వెనక్కీ తోసేవి), బెండింగ్ దగ్గర రెండు, ఆ పక్కన రెండు పెయింట్ గన్లు నడుస్తాయి. ప్రెషర్ స్విచ్ 6 కేజీలకు ఆన్, 8 కేజీలకు ఆఫ్. మా దగ్గర బార్ అనరు, కేజీ అంటారు. లెక్కకి రెండూ ఇంచుమించు ఒకటే.

మార్చి 8, ఆదివారం

ఎవరూ లేని రోజు చూసి కొలిచాను. 8 కేజీల నుంచి 6 కేజీలకు పడటానికి 400 సెకన్లు, మళ్లీ నింపడానికి 80 సెకన్లు. బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ వాళ్ల పుస్తకాల్లో ఉన్న పద్ధతే ఇది: లోడ్‌లో తిరిగిన టైముని మొత్తం టైముతో భాగించి 100తో గుణిస్తే లీకేజీ శాతం. 480కి 80, అంటే దాదాపు 17 శాతం.

ఇంకో దారిలో కూడా సరిచూసుకున్నాను. 500 లీటర్ల ట్యాంకులో ఒక కేజీ పడిందంటే 500 లీటర్ల మామూలు గాలి బయటికి పోయినట్టు. రెండు కేజీలకు 1000 లీటర్లు, అదీ ఆరు నిమిషాల నలభై సెకన్లలో. నిమిషానికి 150 లీటర్లు. మా కంప్రెషర్ నిమిషానికి సుమారు 900 లీటర్లు ఇస్తుంది. 7.5 కిలోవాట్ల మోటారులో ఆరో వంతు లీకులకే పోతోంది. పది గంటల షిఫ్టుకి 12 యూనిట్ల పైనే. ఈ అంకె రాసిన కాగితం సార్‌కి చూపించాను. ఆయన మరో మాట లేకుండా "కానివ్వు" అన్నారు.

తర్వాత ట్యాంకు అవుట్‌లెట్ వాల్వు కట్టేసి మళ్లీ చూశాను. ట్యాంకు ఒక్కటే ఉన్నా ప్రెషర్ పడుతోంది, నిమిషానికి 40 లీటర్ల చొప్పున. ప్రెషర్ స్విచ్ పక్కన చెవి పెడితే మోటారు ఆగాక కూడా సన్నగా సుయ్‌మంటోంది. మోటారు ఆగిన క్షణంలో ఆ సన్న పైపులోంచి ఒక్కసారి తుస్సుమని ఆగిపోవాలి. ఆగకపోతే తప్పు స్విచ్‌ది కాదు, ట్యాంకు మూతి దగ్గరున్న ఎన్‌ఆర్‌వీది, అంటే గాలిని వెనక్కి రానివ్వని నాన్ రిటర్న్ వాల్వుది. ట్యాంకులో గాలి వెనక్కి వచ్చి స్విచ్ దగ్గర బయటపడుతోంది. తెలియక స్విచ్ మార్చేవాళ్లను చాలామందిని చూశాను.

మార్చి 10

పవర్ తీసి, ట్యాంకు గాలంతా వదిలేసి, గేజ్ సున్నా అయ్యాక ఎన్‌ఆర్‌వీ విప్పాను. లోపలి రబ్బరు బిళ్లని గోరుతో నొక్కితే గోరే నొప్పెట్టింది. సీటు ఆనే చోట గుండ్రంగా గాడి పడి ఉంది, దాని చుట్టూ వెంట్రుకల్లాంటి పగుళ్లు. వంచితే పుటుక్కున విరిగింది. అది నైట్రైల్ రబ్బరు.

మెషీన్ అరగంట తిప్పి ఆ చోట పైపు మీద టెంపరేచర్ గన్ పెడితే 112 డిగ్రీలు. లోపలి గాలి ఇంకా వేడిగా ఉంటుంది. మామూలు నైట్రైల్ నిత్యం ఓర్చుకునేది 100 డిగ్రీల వరకు. ఆ పైన రోజూ ఉడుకుతుంటే మెత్తబడదు, గట్టిపడుతుంది. ఆయిల్‌ని తట్టుకోవడం వేరు, వేడిని తట్టుకోవడం వేరు. ఇక్కడ ఎఫ్‌కేఎం, అంటే బజార్లో వైటాన్ అని అడిగే రబ్బరు వేయాలి. అది 200 డిగ్రీల దాకా నిలుస్తుంది.

మార్చి 12

రాణిగంజ్ వెళ్లాను. బేరింగులు, వాల్వులు, ఆయిల్ సీళ్లు ఆ వీధుల్లో దొరకనివి తక్కువ. నా చీటీ చూసి కౌంటర్ దగ్గరి పెద్దాయన సైజు అడగలేదు. "ఏ ఆయిల్‌లో ఉంటది? ఎంత వేడి?" అన్నారు.

"మామూలు కంప్రెషర్ ఆయిలేనండీ, మినరల్. ఎన్‌ఆర్‌వీ దగ్గర మాత్రం వేడి ఎక్కువ."

"అయితే అక్కడికి వైటాన్, మిగతావాటికి బునా తీసుకో."

బునా అంటే నైట్రైలే. 1930లో జర్మనీలో ఎరిక్ కోన్రాడ్, ఎడ్వార్డ్ చుంకుర్ పేటెంట్ తీసుకున్న రబ్బరు ఇది. బ్యుటాడయీన్‌లో 'బు', జర్మన్లో సోడియంకి పేరైన నాట్రియంలో 'నా', రెండూ కలిపి బునా. నైట్రైల్ తయారీలో సోడియం పనేమీ లేదు, పాత వరస పేరు అలా అంటుకుపోయింది. సీల్ కిట్ డబ్బాల మీద ఇప్పటికీ కొన్నిటికి 'బునా-ఎన్', కొన్నిటికి 'ఎన్‌బీఆర్' అని ఉంటుంది. రెండూ ఒకటే.

మార్చి 15, ఆదివారం

రోజంతా సిలిండర్లతోనే సరిపోయింది. సబ్బు నీళ్లు కొట్టి బుడగలొచ్చిన ప్రతి చోటా సుద్దతో గుర్తు పెట్టాడు మా తమ్ముడు, అదే, నాకు హెల్పర్‌గా ఉన్న కుర్రాడు. మొత్తం పద్నాలుగు. అందులో ఐదు పుష్ ఫిట్టింగులే, ట్యూబు గుచ్చితే పట్టుకునే రకం. పీయూ ట్యూబుని కత్తెరతో ఏటవాలుగా కోస్తే లోపలి ఓ-రింగు, అంటే గుండ్రటి రబ్బరు సీలు మీద సరిగా కూర్చోదు. అవి నిటారుగా కోసి మళ్లీ గుచ్చితే చాలు, రూపాయి ఖర్చు లేదు.

సిలిండర్ల దగ్గర ఒక పొరపాటు చేశాను, ఇంకొకరు చేయకుండా వివరంగా రాస్తున్నాను. ఎండ్ కవర్ దగ్గరి పాత ఓ-రింగుని వెర్నియర్‌తో కొలిస్తే మందం 2.4 మి.మీ. వచ్చింది. అదే సైజు రింగు తెచ్చి వేశాను. బిగించి గాలి ఇస్తే బుడగలు తగ్గాయే గానీ ఆగలేదు. అప్పుడు గాడి లోతు కొలిచాను: 2.1. అంటే 2.4 రింగు నలిగేది 0.3 మాత్రమే, పన్నెండున్నర శాతం. కదలని చోట 15 నుంచి 30 శాతం దాకా నలగాలి. అక్కడ కంపెనీ వేసింది 2.62 మందం రింగు; అది 0.52 నలుగుతుంది, దాదాపు 20 శాతం. ఏళ్ల తరబడి నలిగి నలిగి చదునై, తిరిగి లేవలేక 2.4 దగ్గర ఆగిపోయింది. పాత రింగుని కొలిచి కొత్తది కొనడం అరిగిన చెప్పుని చూసి పాదం కొలత చెప్పినట్టు. కొలవాల్సింది గాడిని.

రాడ్ సీళ్లు, పిస్టన్ సీళ్లు అన్నీ నైట్రైల్, 70 షోర్ గట్టిదనం. గాలికి అది చాలు. లిప్, అంటే సీలు పెదవి, గాలి వచ్చే వైపు చూడాలి; తిరగేసి పెడితే ఎంత ఖరీదైన సీలైనా దండగ. రాడ్ చివరి మరల మీద సన్న టేపు చుట్టి, అప్పుడు సీల్ దింపాను. లేకపోతే ఆ మరలే లిప్‌ని కోసేస్తాయి.

గ్రీజు విషయంలో పెయింటర్ అన్న ఉదయం నుంచే మా పక్కన నిలబడ్డాడు. సిలికాన్ గ్రీజు ట్యూబు కనబడగానే తీసి బయట పెట్టేశాడు. ఆయన చెప్పింది నిజం. సిలికాన్ తుంపర గాలితో పాటు గన్‌లోకి చేరితే పెయింట్ పరుచుకోదు, చేపకళ్లలా గుంటలు పడతాయి. ఒక్కసారి లైన్లోకి ఎక్కితే కడిగినా పోదు. అందుకని పెట్రోలియం జెల్లీయే వాడాను. నైట్రైల్‌కి దానివల్ల ఏమీ కాదు. అదే ఈపీడీఎం రబ్బరుకి రాస్తే మాత్రం ఉబ్బి పాడవుతుంది.

మార్చి 17

మొత్తం లైను తెరిచి కొలత. 8 నుంచి 7 కేజీలకు 14 నిమిషాలు. నిమిషానికి 36 లీటర్లు. 150 నుంచి 36కి వచ్చింది. రేపు ఉగాదికి ఊరెళ్తున్నాను, మనసు తేలికగా ఉంది.

ఏప్రిల్ 16

ఉదయం పదింటికి వెల్డింగ్ దగ్గర నుంచి పిలుపు. రెండో సిలిండరు సగం దూరం వెళ్లి ఆగుతోంది, ఐదోది వెళ్తోంది గానీ వెనక్కి రావడానికి మూడు సెకన్లు తీసుకుంటోంది. నెల రోజులే అయింది సీళ్లు వేసి.

రెండోది విప్పాను. పిస్టన్ చేత్తో లాగితే రాలేదు. సుత్తి చెక్కతో తడితే వచ్చింది. సీలు లిప్పు ఉబ్బి, నానిన అట్టలా మెత్తగా, వేలితో రుద్దితే నల్లగా అంటుకుంటోంది. ఎండ్ కవర్ రింగు గాడిలోంచి తీశాక మళ్లీ పెడదామంటే పట్టలేదు. మందం 2.85. నేను పెట్టినప్పుడు 2.62. గాడిలో అంతకు ముందు నాలుగో వంతు పైన ఖాళీ ఉండేది, ఇప్పుడు దాదాపు నిండిపోయింది.

"అన్నా, ఇది మనం వేసిన రింగేనా?" అన్నాడు తమ్ముడు. మేం వేసిందే, సుద్ద గుర్తు ఇంకా ఉంది.

తల ఎత్తితే ఎదురుగా ఎఫ్‌ఆర్‌ఎల్, అంటే లైన్లో గాలిని వడకట్టి, ప్రెషర్ సరిచేసి, ఆయిల్ కలిపే యూనిట్. దాని ప్లాస్టిక్ గిన్నె నిండా సాలెగూడులా సన్నని చీలికలు. అది చూడగానే ఒళ్లు జలదరించింది. అది పాలీకార్బొనేట్, 6 కేజీల గాలి లోపల ఉంది, కింద కుర్రాళ్లు నిలబడి పని చేస్తున్నారు. పగిలితే ముక్కలు ముఖానికి తగులుతాయి. అప్పటికప్పుడు లైను కట్టేసి, గాలి వదిలి, గిన్నె తీసేశాను. ఇనుప గిన్నె ఉన్న ఫిల్టరు తెచ్చేదాకా ఆ లైను నడవదని గట్టిగా చెప్పాను. ప్రొడక్షన్ సగం రోజు ఆగింది. ఆగనివ్వాలి.

రబ్బరు ఒక్కటే పాడైతే కిట్టు నాసిరకం అనుకునేవాణ్ని. గిన్నె కూడా పగిలిందంటే లైన్లోకి కొత్తది ఏదో వచ్చింది. నేరుగా ఆయిల్ గదికి వెళ్లాను. మూలన కొత్త డబ్బా. నేను ఊళ్లో ఉన్నప్పుడు ఆయిల్ మార్చే గడువు వచ్చిందట, ఒక దుకాణంలో "సింథటిక్ వెయ్యండి, ఎక్కువ గంటలు నడుస్తుంది" అంటే తెచ్చి పోశారు. లేబుల్ మీద చిన్న అక్షరాల్లో 'డైఎస్టర్'. మేం వాడే మినరల్ ముడిచమురు నుంచి తీసింది; ఇది ఎస్టర్ జాతి సింథటిక్.

కంప్రెషర్‌లో పోసే ఆయిల్ కంప్రెషర్‌లోనే ఉండిపోదు. పిస్టన్ రింగులు దాటి పొగమంచులా గాలితో కలిసి ట్యాంకు, పైపులు, వాల్వులు, సిలిండర్ల దాకా వెళ్తుంది. అంటే క్రాంక్‌కేసులో, కంప్రెషర్ అడుగున ఆయిల్ ఉండే పెట్టెలో, ఏది పోస్తే షెడ్డులోని ప్రతి సీలూ దాంట్లో నానుతున్నట్టే.

ఏప్రిల్ 17 నుంచి 24

నమ్మకం మీద కాకుండా కళ్లతో చూద్దామని చిన్న పరీక్ష పెట్టాను. రెండు గాజు సీసాలు. ఒకదాంట్లో మా పాత 100 గ్రేడు మినరల్ కంప్రెషర్ ఆయిల్, రెండోదాంట్లో ఈ డైఎస్టర్. ఒక్కోదాంట్లో నాలుగు రకాలు వేశాను: నైట్రైల్ రింగు, ఎఫ్‌కేఎం రింగు, నీళ్ల ఫిట్టింగుల్లో వాడే ఈపీడీఎం రింగు, నోట్లకు చుట్టే మామూలు రబ్బరు బ్యాండు. మూతలు బిగించి, పాత రైస్ కుక్కర్లో నీళ్లు పోసి, 'వార్మ్' మీద ఏడు రోజులు ఉంచాను. నీళ్ల వేడి 65 డిగ్రీల దగ్గర నిలబడింది. బరువు చూడటానికి బంగారం తూచే రకం చిన్న త్రాసు.

మొదటి రోజు సాయంత్రానికే మినరల్ ఆయిల్లో రబ్బరు బ్యాండు నానబెట్టిన సేమ్యాలా అయిపోయింది. ఏడో రోజుకి బరువు దాదాపు రెట్టింపు, పట్టుకుని లాగితే తెగిపోయింది. ఈపీడీఎం కూడా మినరల్లో బాగా ఉబ్బింది. అదే సీసాలో నైట్రైల్ 1.11 గ్రాముల నుంచి 1.13కి వచ్చి ఆగింది. అంటే అది తన పని తాను సరిగానే చేస్తోంది.

రెండో సీసాలో అదే డబ్బాలోని అదే నైట్రైల్ 1.36 గ్రాములు. 22 శాతం పెరిగింది. మందం కొలిస్తే 2.85, సిలిండర్లోంచి తీసిన దానికి సరిగ్గా సమానం. ఎఫ్‌కేఎం రింగు మాత్రం 1.65 నుంచి 1.69కి మాత్రమే కదిలింది.

కారణం ఇది. మినరల్ ఆయిల్ అణువుల్లో విద్యుత్తు పరంగా ప్లస్, మైనస్ కొసలు ఉండవు. రబ్బరు బ్యాండు చేసే సహజ రబ్బరులోనూ ఉండవు. ఒకే జాతివి కాబట్టి ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి, రబ్బరు ఉబ్బుతుంది. నైట్రైల్ రబ్బరులోని అక్రిలోనైట్రైల్‌కి ఆ కొసలు ఉంటాయి, అందుకే మినరల్ ఆయిల్‌ని లోపలికి రానివ్వదు. దాని శాతం 18 నుంచి 50 దాకా ఉంటుంది, మామూలు సరుకులో 33 దగ్గర. శాతం పెరిగేకొద్దీ ఆయిల్‌కి మొండి, చలికి పెళుసు. మన హైదరాబాదు చలికి ఆ పెళుసు గురించి ఆలోచించక్కర్లేదు. అయితే ఎస్టర్‌కి కూడా అలాంటి కొసలే ఉన్నాయి. మినరల్ ముందు కోటగోడలా నిలిచిన గుణమే ఎస్టర్‌కి తలుపు తీసింది. ఎక్కువ నైట్రైల్ ఉన్నది కాస్త మెరుగు గానీ నమ్మదగినంత కాదు.

కిట్టు డబ్బా మీద 'ఆయిల్ రెసిస్టెంట్' అని ఉంటుంది. అది అబద్ధం కాదు. కానీ ఏ ఆయిల్ అన్నది రాయకపోతే ఆ మాట సగమే. రాణిగంజ్ పెద్దాయన సైజు కంటే ముందు అదే అడిగారు. నేను చెప్పిన జవాబు ఆ రోజుకి నిజం, పది రోజుల తర్వాత కాదు.

ఏప్రిల్ 25

సార్‌తో కూర్చున్నాం. దారులు రెండు. అన్ని సీళ్లూ ఎఫ్‌కేఎంకి మార్చి ఈ ఆయిల్‌నే ఉంచడం. లేదా మినరల్‌కి తిరిగి వెళ్లి నైట్రైల్ ఉంచడం. డైఎస్టర్ చెడ్డ ఆయిలేం కాదు. వాల్వుల మీద మసి తక్కువ కడుతుంది, ఎక్కువ వేడికి నిలుస్తుంది. రాత్రీపగలూ తిరిగే పెద్ద మెషీన్‌కి, మొదటి నుంచీ దానికి తగ్గ సీళ్లు వేసుకున్నవాళ్లకి మంచిదే. మాకున్నవి ఎనిమిది సిలిండర్లు, పదహారు సోలినాయిడ్ వాల్వులు, లెక్కలేనన్ని ఫిట్టింగులు. ప్రతిదాని లోపలి రబ్బరూ వెతికి మార్చడం అయ్యే పని కాదు. ఎఫ్‌కేఎం ధర కూడా నైట్రైల్‌కి ఎన్నో రెట్లు. అందుకని మినరల్‌కే వెళ్తున్నాం. ఎన్‌ఆర్‌వీ, దాని పక్క ఫ్లాంజ్ రింగు మాత్రం ఎఫ్‌కేఎం.

ఏప్రిల్ 26, ఆదివారం

క్రాంక్‌కేసు ఆయిల్ వేడి మీద ఉండగానే దింపేశాం. కొంచెం మినరల్ పోసి పావుగంట తిప్పి అదీ దింపి, అప్పుడు అసలు ఆయిల్ పోశాం. ట్యాంకు అడుగున, లైను పల్లం ఉన్న ప్రతి డ్రెయిన్ దగ్గర నీళ్లతో కలిసిన జిడ్డు అర లీటరు పైనే వచ్చింది. ఉబ్బిన సీళ్లలో ఒక్కటీ మళ్లీ వాడలేదు. ఆరబెడితే చిన్నవవుతాయి నిజమే, కానీ రబ్బరులోని మెత్తదనపు మందుని ఎస్టర్ లాగేసి ఉంటుంది, ఆరాక గట్టిపడి కుంచించుకుపోతాయి.

ఎఫ్‌కేఎం రింగులు ఈసారి అవసరానికి ఆన్‌లైన్‌లో తెప్పించాను. రెండు ప్యాకెట్లు, రెండూ గోధుమ రంగువే. రంగుని నమ్మలేం, ఏ రబ్బరుకి ఏ రంగైనా కలపొచ్చు. త్రాసు మీద నీళ్ల గ్లాసు పెట్టి, సున్నా చేసి, రింగుని సన్న దారానికి కట్టి అడుగు తగలకుండా నీళ్లలో ముంచాను. త్రాసు 0.89 చూపించింది, అదే రింగు ఘనపరిమాణం, ఘన సెంటీమీటర్లలో. మొదటి ప్యాకెట్ రింగు బరువు 1.65. భాగిస్తే 1.85, ఎఫ్‌కేఎం సాంద్రతే. రెండో ప్యాకెట్ది 1.15 గ్రాములు, భాగిస్తే 1.29. అది ఎఫ్‌కేఎం కాదు. వెనక్కి పంపేశాను. కాల్చి చూస్తే తెలుస్తుందని కొందరంటారు. దయచేసి ఆ పని చేయకండి. ఎఫ్‌కేఎం బాగా కాలితే హైడ్రోజన్ ఫ్లోరైడ్ పొగ వస్తుంది, అది ఊపిరితిత్తులనూ చర్మాన్నీ తినేస్తుంది. పది నిమిషాల తూకం ఎవరికీ హాని లేనిది.

మే 6

స్టోర్ కూడా సర్దాను. ఇన్నాళ్లూ రింగులన్నీ కిటికీ పక్కన మేకుకి దండలా వేలాడేవి. పై నుంచి రెండు రింగులు తీసి వేళ్ల మధ్య సాగదీస్తే, మేకు మీద వంగిన చోట అడ్డంగా పగుళ్లు విచ్చుకున్నాయి. ఎండ, మోటారు బ్రష్షుల దగ్గర పుట్టే ఓజోన్, పైగా తన బరువుకి తానే సాగి ఉండటం. నైట్రైల్‌కి ఓజోన్ పడదు. దండంతా తీసి పారేశాం. కొత్తవి నల్ల కవర్లలో, సాగకుండా పరిచి, ఆఫీసు గదిలో కింది అరలో రేకు డబ్బాలో పెట్టాను. కవరు మీద తయారైన సంవత్సరం రాశాను. ఐఎస్‌ఓ 2230 లెక్కలో బాగా దాచిన నైట్రైల్‌కి ఏడేళ్లు. మా షెడ్డు రేకుల కింద మే నెల వేడికి అంత కాలం ఆశించను.

మే 24, ఆదివారం

నెల తర్వాత కొలత. లైను మొత్తం తెరిచి ఉండగా 8 నుంచి 7 కేజీలకు 20 నిమిషాలు. నిమిషానికి 25 లీటర్లు. నాలుగో సిలిండరు వాల్వు కట్టేస్తే 50 నిమిషాలు, అంటే 10 లీటర్లే. ఉన్న లీకులో సగం పైన ఆ ఒక్క సిలిండరుదే.

రెండో సిలిండరు విప్పి రింగు చూశాను. 2.64. వేలికి నలుపు అంటలేదు.

నాలుగోదానికి రాడ్ సీలు ఇప్పటికి రెండుసార్లు మార్చాను. ఇవాళ రాడ్‌ని వెలుతురుకి పెట్టి తిప్పుతూ చూస్తే అర్థమైంది. స్పాట్ వెల్డింగ్ నిప్పురవ్వలు పడి క్రోమ్ మీద మూడు చోట్ల గుంటలు. గోరు తగులుతోంది. గోరు తగిలిన ప్రతి గుంటా రాడ్ వెళ్లి వచ్చిన ప్రతిసారీ లిప్‌ని గీరుతుంది. ఏ రబ్బరూ దానికి ఆగదు.

మే 28

రాడ్‌ని గ్రైండింగ్, హార్డ్ క్రోమ్‌కి ఇచ్చాను, సోమవారం ఇస్తామన్నారు. ఈలోగా తమ్ముడు ఆ సిలిండరు ముందు రవ్వలు పడకుండా రేకు కవచం కొట్టాడు. నేను ఆయిల్ గది తలుపు మీద ఎర్ర పెయింటుతో ఆయిల్ పేరు, గ్రేడు రాసి, కింద "ఇది తప్ప వేరేది పోసేముందు నాకు ఫోన్ చేయండి" అని రాశాను. సీల్ కిట్ డబ్బా మూత లోపల కూడా అదే ఆయిల్ పేరు అతికించాను.